బ్లాక్‌రేజర్: ఆకలి తీరని కత్తి

పాచికలు వేస్తూ, పాత్రలుగా మాట్లాడుతూ బల్ల చుట్టూ కూర్చుని కథ నడిపించే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో లెజెండరీ ఆయుధం దొరికిందంటే, ఆటగాడు మొదట చూసేది దాడికి ఎంత కలిసి వస్తుందన్నదే. బ్లాక్‌రేజర్ కూడా దాడికి, నష్టానికి చెరొక మూడు కలుపుతుంది. అయితే ఈ కత్తి గొప్పతనమంతా దాని ఆకలిలో ఉందని, 2014 నాటి ఐదవ ఎడిషన్ నియమాలతో దీన్ని మా క్యాంపెయిన్‌లో, అంటే పలు ఆటల పాటు సాగే కథలో, ఒక ఫైటర్ (యోధుడి పాత్ర) చేతికిచ్చి నడిపించిన డంజన్ మాస్టర్‌గా, అంటే ఆటను నడిపేవాడిగా, నా అభిప్రాయం.

లారెన్స్ షిక్ 1979లో రాసిన వైట్ ప్లూమ్ మౌంటెన్ అనే సాహసంలో, వేవ్ అనే త్రిశూలంతోను, వెల్మ్ అనే సుత్తితోను పాటు మాయమైన మూడో ఆయుధంగా ఇది మొదట కనిపించింది. నక్షత్రాలు నిండిన రాత్రి ఆకాశపు ముక్కలాగా మెరిసే కత్తి అలుగును ఒక్కసారి వర్ణించి చెబితే చాలు, బల్ల చుట్టూ ఉన్నవాళ్లు మాటలాపి వింటారు.

ఈ కత్తి దెబ్బకు హిట్ పాయింట్లు (ప్రాణశక్తిని కొలిచే అంకెలు) సున్నాకు చేరిన ప్రాణి చనిపోవడమే కాక, దాని ఆత్మను కత్తి మింగేస్తుంది. ఆ తరువాత కోరిక తీర్చే విష్ మంత్రం తప్ప మరేదీ ఆ ప్రాణిని తిరిగి బతికించలేదు. మింగిన ప్రాణి పూర్తి హిట్ పాయింట్లు ఎన్నో, అన్ని తాత్కాలిక హిట్ పాయింట్లు కత్తి పట్టినవారికి వస్తాయి. అవి మిగిలి ఉన్నంతసేపు, కత్తి చేతిలో ఉన్నంతసేపు, ప్రతి దాడికి, ప్రతి రక్షణ పరీక్షకు, ప్రతి సామర్థ్య పరీక్షకు ఇరవై ముఖాల పాచికను రెండుసార్లు వేసి పెద్ద అంకెను తీసుకోవచ్చు. మామూలు గోబ్లిన్‌ను చంపితే దక్కేది 7 అయితే, ఫైర్ జెయింట్‌ను చంపితే దక్కేది 162. చివరి దెబ్బ ఎవరు వేయాలన్న లెక్క మా బృందంలో ప్రతి పోరాటాన్నీ మార్చివేసింది. ఇది మెచ్చుకోదగిన రూపకల్పన.

అన్‌డెడ్, అంటే చచ్చి లేచిన, శత్రువుల మీద ఇదే కత్తిని ఎత్తడం మాత్రం కొరివితో తల గోక్కోవడమే. తగిలిన ప్రతిసారీ పట్టినవారికి పది ముఖాల పాచిక నష్టం కలుగుతుంది, శత్రువుకేమో అదే పాచికంత బలం తిరిగి వస్తుంది. ఆ నష్టంతో పట్టినవారు సున్నాకు పడిపోతే కత్తి వారి ఆత్మనే మింగుతుంది. శవాలు లేచి తిరిగే క్యాంపెయిన్ నడిపేవారు దీన్ని ఇవ్వకపోవడమే మేలు.

అన్నిటికన్నా నాకు నచ్చింది గడువు. మూడు రోజుల పాటు ఒక్క ఆత్మ కూడా దక్కకపోతే, ఆపై వచ్చే సూర్యాస్తమయానికి కత్తికి, పట్టినవారికి మధ్య సంఘర్షణ మొదలవుతుంది. ఈ కత్తికి సొంత బుద్ధి ఉంది, దాని కరిస్మా (వ్యక్తిత్వ బలం) 19 కాబట్టి, అది పట్టినవారిని లోబరచుకోబోతే తట్టుకోవడానికి కరిస్మా రక్షణ పరీక్షలో 16 గానీ అంతకన్నా ఎక్కువ గానీ తెచ్చుకోవాలి; అందువల్ల కరిస్మాను పట్టించుకోని ఫైటర్లు చాలాసార్లు విఫలమవుతారు. మా ఆటలో మూడో రోజు సాయంత్రానికి చేతిలో ఉన్నది లొంగిపోయిన బందిపోటు ఒక్కడే. వాడిని చంపాలా వద్దా అని నలుగురు ఆటగాళ్లు తమ పాత్రల గొంతులతో గంటసేపు వాదించుకున్నారు. పాచిక ఒక్కటీ కదలని ఆ గంట ఆ క్యాంపెయిన్ మొత్తానికి ఉత్తమమైనదని ఇప్పటికీ అనుకుంటాను.

లోపాలు లేకపోలేదు. లాఫుల్ అలైన్‌మెంట్ పాత్రలు, అంటే కట్టుబాట్లను పాటించే స్వభావం ఉన్నవి, దీనితో అట్యూన్ కాలేవు (మాయాబంధం కలుపుకోలేవు) గనుక కొన్ని బృందాలలో ఇది మూలన పడి ఉంటుంది. రోజుకొకసారి వచ్చే, వేగం పెంచే హేస్ట్ మంత్రాన్ని ఎప్పుడు వేయాలో కత్తే నిర్ణయిస్తుంది కాబట్టి, ఆ భారం కూడా డంజన్ మాస్టర్ మీదే పడుతుంది. అంతకన్నా పెద్ద చిక్కు ఆకలి నియమంలోనే ఉంది. ఎవరి ఆత్మ అన్నది కత్తికి పట్టదు, చివరికి పట్టినవారిదైనా సరే. అందువల్ల ఒక ఎలుకను చంపినా గడువు తీరినట్టేనని ఆటగాడు వాదిస్తే, అక్షరాల ప్రకారం కాదనలేము. మా బల్ల దగ్గర మాత్రం, ఆజ్ఞాపించే గొంతుతో మాట్లాడే ఈ కత్తి అలాంటి ఆత్మలను తీసుకుంటుంది గానీ వాటిని లెక్కలో వేసుకోదని మొదటి రోజే చెప్పి, అందరూ ఒప్పుకున్నాకే దాన్ని కథలోకి తెచ్చాను.