లేబుల్ లేని పచ్చనీళ్ల మందు కొనకండి, నా ట్యాంకులో రొయ్యలన్నీ చచ్చిపోయాయి

అక్వేరియంలో నీళ్లు పచ్చబడ్డాయని ఆన్‌లైన్‌లో మందు వెతుకుతున్నవాళ్లు ఆర్డర్ పెట్టే ముందు ఇది చదవండి. షాపు పేరు రాయడం లేదు. రాత్రి వేస్తే తెల్లారేసరికి నీళ్లు అద్దంలా అవుతాయని వీడియోలు పెడుతుంటాడే, ఆయన గురించే చెప్తున్నా, మీలో చాలామందికి తెలిసే ఉంటుంది.

నా దగ్గర గప్పీలనే చిన్న చేపలు, చెర్రీ రొయ్యలు, కొన్ని నత్తలు ఉండేవి. ట్యాంకు మీద ఎండ పడి నీళ్లు పచ్చగా, వెనక ఏముందో కనపడనంత చిక్కగా అయిపోయాయి, సగం నీళ్లు మార్చినా మళ్లీ అదే. అందుకని ఆ మందు చూశాను. కొనేముందే మెసేజ్ పెట్టాను, 'ట్యాంకులో రొయ్యలున్నాయి, ఇందులో కాపర్ ఉందా?' అని సూటిగా అడిగాను. 'లేదండీ, రొయ్యలకి ఫుల్ సేఫ్, మేం కూడా ఇదే వాడతాం' అని జవాబు. ఆ చాట్ ఇంకా నా ఫోన్‌లో ఉంది.

వచ్చిన సీసా మీద షాపు స్టిక్కర్, మోతాదు తప్ప ఏమీ లేదు. వాళ్లు పంపిన సిరంజితోనే, వాళ్లు రాసినంతే కొలిచి రాత్రి వేశాను. పొద్దున చూస్తే రొయ్యలు అడుగున పక్కకి ఒరిగి పడున్నాయి, కడుపు కింద గుడ్లు మోస్తున్నవి కూడా. నత్తలు గుల్లల్లోంచి బయటికి వేలాడుతున్నాయి. గప్పీలన్నీ పైకొచ్చి నోళ్లు తెరిచి గాలి కోసం కొట్టుకుంటున్నాయి.

వెంటనే ఫోన్ చేసి అసలు డబ్బా ఫోటో పంపమని పట్టుబట్టాను. పంపాడు. దాని మీద చిన్న అక్షరాల్లో కాపర్ సల్ఫేట్ అని ఉంది! పెద్ద డబ్బాలోది చిన్న సీసాల్లో పోసి అమ్ముతున్నాడన్నమాట. ఇదేంటండీ, లేదన్నారుగా అంటే ఆయన అన్న మాట ఇది: 'ఏదో కొద్దిగా ఉంటుందండీ, పోయినవి రొయ్యలేగా, ఇంకో పది తీసుకోండి, డిస్కౌంట్ ఇస్తా.' నాకు నోట మాట రాలేదు. పొరపాటైంది, క్షమించండి అని ఒక్క మాట అని ఉంటే ఈ పోస్టు ఇంత కోపంగా రాసేదాన్ని కాదు. తెలిసి అబద్ధం చెప్పి, ప్రాణాలు పోయాక వాటినే మళ్లీ నాకు అమ్మబోయాడు. నేను గట్టిగా అడిగేసరికి 'మీరే మోతాదు ఎక్కువ వేసుంటారు' అని కట్ చేసి బ్లాక్ చేశాడు. నేను రాసిన రివ్యూ కూడా ఇప్పుడు కనపడటం లేదు.

కాపర్ అంటే రాగి, అది చేపలు తట్టుకునే మోతాదులో ఉన్నా రొయ్యల్ని, నత్తల్ని చంపేస్తుంది, నీళ్లలో కాల్షియం లాంటి ఖనిజాలు తక్కువైతే ఇంకా ప్రమాదం. పైగా నీళ్లని పచ్చగా చేసే, నీళ్లలో తేలే నాచు అంతా ఒక్కసారే చచ్చి కుళ్లితే ఆక్సిజన్ పడిపోతుంది, అమ్మోనియా పెరుగుతుంది. మందు వేసేటప్పుడు ఎయిర్ పంప్ నడపాలని కూడా ఆ మనిషి చెప్పలేదు. ఇది అమ్మేవాడికి తెలియని విషయం కాదు.

అసలు పచ్చనీళ్లు వాటంతట అవి సాధారణంగా చేపల్ని చంపవు, కాబట్టి కంగారుపడి మందు పోయక్కర్లేదు. ట్యాంకుకి మందపాటి గుడ్డ కప్పి 3, 4 రోజులు వెలుతురు పూర్తిగా ఆపండి, ఎయిర్ స్టోన్ (పంపు గాలిని బుడగలుగా వదిలే రాయి) నడుస్తూ ఉండాలి, మేత బాగా తగ్గించండి. తర్వాత నీళ్లు మార్చండి. మళ్లీ మళ్లీ వస్తుంటే నీళ్లలో తేలే నాచుని యూవీ కాంతితో చంపే అసలైన యూవీ స్టెరిలైజర్ పెట్టుకోండి, ఉత్త నీలం లైటుని యూవీ అని అమ్మేవాళ్లు కూడా ఉన్నారు. నాచు తినే చేపలు తెచ్చుకోమంటే నమ్మకండి, అవి గాజుకి పట్టింది తింటాయి గానీ నీళ్లలో తేలేది తినలేవు.

ఆ సీసా ఇప్పటికే వేసేసినవాళ్లు కాపర్ టెస్ట్ చేయకుండా కొత్త రొయ్యల్ని వదలకండి, రాగి కొంత అడుగున రాళ్లలో, ఇసుకలో ఉండిపోతుంది. ఇంకా వాడనివాళ్లు సీసానీ చాట్‌నీ దాచిపెట్టి నాకు చెప్పండి, అందరం కలిసి కంప్లయింట్ పెడదాం.