గ్రాహమ్స్ 2003 వింటేజ్ పోర్ట్: ఇరవై ఏళ్లు దాటాక ఎలా ఉంది?

పోర్ట్ అంటే పోర్చుగల్‌లో చేసే తియ్యటి, ఘాటైన వైన్. అందులో గ్రాహమ్స్ అనే కంపెనీ చేసిన 2003 పోర్ట్ ఇప్పుడు తాగడానికి సరిగ్గా వచ్చింది. ఇంగ్లండ్‌లో ఉంటూ, దీన్ని కొత్తగా ఉన్నప్పుడే పెట్టె లెక్కన కొని, మధ్య మధ్యలో ఒక్కో సీసా తీస్తూ వచ్చాను కాబట్టి ఈ మాట ధైర్యంగా చెబుతున్నాను.

2003లో యూరప్‌ను ఎండలు మాడ్చేశాయి. పోర్చుగల్‌లోని డౌరో లోయలో ద్రాక్ష బాగా పండింది, పెద్ద కంపెనీలు చాలావరకు ఆ ఏడాదిని వింటేజ్‌గా, అంటే ఆ ఒక్క ఏడాది ద్రాక్షతోనే మేలు రకం పోర్ట్ చేయదగ్గ ఏడాదిగా, ప్రకటించాయి. ప్రతి ఏడూ అలా ప్రకటించరు. పోర్ట్ చేసేటప్పుడు, పులుస్తున్న రసంలో మధ్యలోనే 77 శాతం ఆల్కహాల్ ఉన్న ద్రాక్ష సారాయి పోసి ఆపేస్తారు. అందుకే తీపి మిగిలిపోతుంది, ఘాటు 20 శాతం దాకా ఉంటుంది. పీపాల్లో రెండేళ్లు లేదా కాస్త ఎక్కువ ఉంచి, వడకట్టకుండా సీసాల్లో నింపేస్తారు. ఆ తర్వాత ముదరడమంతా సీసాలోనే.

కొత్తలో తీసినప్పుడు నల్లటి రంగు, నేరేడు పండు తిన్నట్టు నాలుకను పట్టేసే వగరు, బోలెడంత తీపి. అది కూడా నాకు నచ్చింది. పదేళ్లు దాటాక తీసిన సీసాయే నిరాశపరిచింది. పండు వాసన అణిగిపోయి సారాయి ఘాటు పైకి తేలింది. నడిమి వయసులో వింటేజ్ పోర్ట్ ఇలా ముడుచుకుపోతుందని అనుభవం ఉన్నవాళ్లు చెబుతారు, నిజమే. ఆ దశలో తెరవడం డబ్బు దండగ. ఇరవై దాటాక తీసింది పూర్తిగా వేరు: అంచున ఇటుక రంగు, అంజీర్, ఎండుద్రాక్ష, కొంచెం లవంగం వాసన. వగరు మెత్తబడింది, మింగాక కూడా రుచి చాలాసేపు నోట్లోనే ఉంటోంది. పక్కనే డౌస్ అనే మరో కంపెనీ 2003 పోర్ట్ కూడా పెట్టుకుని తాగి చూశాను. వాళ్లది తీపి తక్కువ పద్ధతి. ఇంకా బిగుసుకునే ఉంది. దానికి ఇంకో పదేళ్లు ఇవ్వాలి.

అసలు శ్రద్ధ పెట్టాల్సింది మడ్డి దగ్గర. పడుకోబెట్టి ఉంచిన సీసాను ఒకటి రెండు రోజుల ముందే నిలబెట్టాలి. పాత బిరడా మధ్యకి విరిగిపోతుంది, రెండు రేకులున్న ఓపెనర్ అయితే టెన్షన్ ఉండదు. మెడ కింద ఫోన్ టార్చ్ పెట్టుకుని, చెయ్యి కదపకుండా ఒకే ధారగా జగ్గులోకి వంచాలి. చివర్లో సీసా భుజం దగ్గర సన్నటి నల్లని చార మెడ వైపు పాకుతూ కనిపిస్తుంది. అక్కడ ఆపేయాలి. మిగిలింది గుడ్డలో వడకడితే వంటకు పనికొస్తుంది, గ్లాసులోకి మాత్రం వద్దు. జగ్గులో రెండు మూడు గంటలు ఉంచితే వాసన విచ్చుకుంటుంది. స్టిల్టన్ చీజ్, అక్రోట్లు తోడుంటే ఇంకేమీ అక్కర్లేదు. రెండు రోజుల్లో పూర్తిచేయాలి.

హైదరాబాద్‌లో మావాళ్లు ఒక సీసా పట్టుకురమ్మంటారు. ఏళ్ల తరబడి 12-14 డిగ్రీల చల్లని చీకటి చోటు లేని ఇంట్లో వింటేజ్ దాచడం వృథా, మే నెల ఎండలకే దెబ్బతింటుంది. వాళ్లకి టానీ అనే ఇంకో రకం పోర్ట్, ఇరవయ్యేళ్లది, తీసుకెళ్తాను. అది పీపాలోనే ముదిరి వస్తుంది, కొన్నరోజే తెరవొచ్చు, ఫ్రిజ్‌లో పెడితే కొన్ని వారాలు నిలుస్తుంది.