ఊరుకున్నంత మాత్రాన నమ్మకంగా ఉన్నట్టేనా: ఒక ఎనిమిది వారాల కోర్సుపై సమీక్ష

నిత్యజీవితంలోని సంబంధాలలో మరింత నమ్మకంగా మెలగటం నేర్పే ఎనిమిది వారాల ఆన్‌లైన్ కోర్సును ఇటీవల పూర్తి చేశాను. నలుగురిలో ఒకరు నా స్నేహితురాలిని చులకన చేసి మాట్లాడుతుంటే నేను విని ఊరుకున్నాను. ఆ సంగతి ఆమెకు తెలిసి, "నువ్వూ అక్కడే ఉన్నావట కదా" అని మాత్రం అంది. నేను ఆమెను ఒక్క మాటైనా అనలేదని సర్దిచెప్పుకోవాలని చూశాను గానీ మనసు ఒప్పుకోలేదు. ఈ కోర్సులో చేరటానికి కారణం అదే.

మొదటి రెండు వారాలు నిర్వచనాలతోనే గడిచిపోతాయి. పాఠాలలో పదేపదే వాడిన ‘విధేయత’ అనే మాట నాకు నచ్చలేదు. అందులో పైవారికి తలవంచటమనే అర్థమే ముందు వినిపిస్తుంది, సమానుల మధ్య ఉండే నమ్మకం వినిపించదు.

మూడో వారం పాఠం ఈ కోర్సుకు ప్రాణం. సంబంధంలో అసంతృప్తి కలిగినప్పుడు మనుషులు విడిపోవటం, మాట్లాడి సరిదిద్దుకోవటం, ఓర్పుతో వేచి ఉండటం, పట్టించుకోవటం మానేయటం అనే నాలుగు విధాలుగా స్పందిస్తారని అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త కెరిల్ రస్‌బుల్ట్ వివరించారు. వీటిలో మూడోదానికే ఆమె విశ్వాసం అని పేరు పెట్టారు. అయితే అలాంటి మౌనమైన ఓర్పును ఎదుటివారు తరచుగా గమనించనే గమనించరని, అందుకే దానివల్ల ఆశించినంత మేలు జరగదని ఆమె, స్టీఫెన్ డ్రిగోటస్ తదితరులు 1995లో ప్రచురించిన పరిశోధన చెబుతుంది. నా స్నేహితురాలు అడిగిన ప్రశ్న అప్పుడు నాకు పూర్తిగా అర్థమైంది.

నాలుగో వారం ఎదుట లేని మనిషి గురించి మాట్లాడే తీరును పరిశీలిస్తుంది. మనం ఇతరులకు ఏ గుణాన్ని అంటగట్టి చెబుతామో, వినేవారు తెలియకుండానే ఆ గుణాన్ని మనకూ ఆపాదిస్తారని జాన్ స్కౌరాన్‌స్కీ బృందం 1998లో చూపింది. ముఖం మీద అనలేని మాటను వెనుక కూడా అనకూడదనేది ఆ వారం అభ్యాసం. నేను రెండో రోజే తప్పాను. నాకు ఎవరి మీదా ద్వేషం లేదు. మాటలు కరువైనప్పుడు మరొకరి కష్టాన్ని కబురుగా మార్చి, ఎదుటివారికి దగ్గర కావాలని చూస్తున్నానని గుర్తించటం బాధ కలిగించింది. మాట నిలబెట్టుకోవటంపై ఉన్న పాఠం చిన్నదైనా ఉపయోగకరం: ‘మళ్ళీ మాట్లాడతాను’ అనటానికి బదులు ఏ రోజు, ఏ వేళకు మాట్లాడతామో చెప్పమంటుంది.

లోపాలు చిన్నవి కావు. బృంద చర్చలలో మన సంబంధాల నుంచి ఉదాహరణలు చెప్పమన్నారు కానీ, ఆ మనుషుల పేర్లూ ఆనవాళ్ళూ దాచమని ఎవరూ హెచ్చరించలేదు. గుట్టు కాపాడటం నేర్పే చోట ఇలా జరగటం నన్ను కలవరపెట్టింది. నిర్వాహకులకు రాశాక సూచనలను సవరించారు, కానీ అప్పటికే కొందరి రహస్యాలు బయటపడ్డాయి. రోజూ మనకు మనమే మార్కులు వేసుకునే పట్టిక వల్ల స్నేహం పరీక్షలా అనిపించి, నేను రెండు వారాలకే దానిని పక్కన పెట్టాను.

అన్నిటికన్నా పెద్ద లోటు ఏడో వారంలో ఉంది. ఆప్తుడు మరొకరికి అన్యాయం చేస్తే ఏం చేయాలనే ప్రశ్నను పది నిమిషాలలో ముగించారు. హింసించే మనిషిని విడిచి వెళ్ళటం నమ్మకద్రోహం కాదని స్పష్టంగా చెప్పనే లేదు. అలాంటి ఇంట్లో ఉన్నవారు ఈ పాఠాలు వింటే ఇంకా ఓర్చుకోవాలని అనుకునే ప్రమాదముంది, కాబట్టి వారికి ఈ కోర్సును సూచించలేను.

మిగిలినవారు మూడు, నాలుగు వారాల పాఠాల కోసమైనా చేరవచ్చు. నాలుగో వారం ముగిసిన రోజున నేను ఆ స్నేహితురాలి దగ్గరకు వెళ్ళి, ఆ రోజు నోరు విప్పకపోవటం నా తప్పేనని చెప్పాను. ఆమె వెంటనే ఏమీ అనలేదు. కొంతసేపటికి, ఆనాడు ఎవరు ఏమన్నారో మొదటి నుంచి చెప్పమని అడిగింది.