చెమటతో వచ్చే మొటిమలకు ఏది మేలు: సబ్బా, సాలిసిలిక్ ఫేస్‌వాషా, బెంజాయిల్ పెరాక్సైడా?

మే నెలలో హైదరాబాద్‌లో ఎంత చెమట పట్టినా పొడిగాలికి కాసేపట్లో ఆరిపోతుంది. విశాఖలోనో కాకినాడలోనో అలా కాదు. గాలిలోనే తేమ ఉంటుంది కాబట్టి చెమట ఒంటి మీదే నిలిచిపోతుంది, చొక్కా వీపుకి అంటుకుపోతుంది. మొటిమల బెడద మొదలయ్యేది ఇలా నిలిచిపోయిన చోటే.

నిజానికి చెమట ఒక్కటే మొటిమను పుట్టించదు. చెమట గ్రంథి వేరు, నూనె గ్రంథి వేరు. మొటిమ పుట్టేది నూనె గ్రంథి ఉన్న వెంట్రుక కుదురులో. చెమటకు చర్మం నాని కుదురు మూతి ఉబ్బుతుంది. ఆ పైన హెల్మెట్ స్ట్రాపో, బ్యాగు పట్టీయో, బిగుతు టీషర్టో గంటలకొద్దీ రాసుకుంటుంది. లోపలి జిడ్డు బయటికి రాలేక అక్కడే ఉండిపోతుంది. బైక్ మీద ఆఫీసుకెళ్లేవాళ్లకి గడ్డం కింద, నుదుటి మీద మొటిమలు వరస కట్టడం అందుకే.

ఇక దేంతో కడగాలి అన్న సంగతి.

ముందు సబ్బు. ఎండాకాలంలో రోజుకి అయిదారుసార్లు సబ్బుతో మొహం రుద్దుకునేవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. మామూలు స్నానపు సబ్బు పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 9 నుంచి 10 దాకా ఉంటుంది, అంటే క్షారం. మన చర్మానిది దాదాపు 5, అంటే కాస్త ఆమ్లం. సబ్బు పైపైన జిడ్డు తీస్తుంది కానీ, కుదురులో ఇరుక్కున్న జిడ్డును కదిలించలేదు. పైగా చర్మం బిగుసుకుపోయి మండుతుంది. ఆ మంట మీద మొటిమల మందేదైనా రాస్తే ఇంక చూడక్కర్లేదు. సున్నిపిండితో గట్టిగా రుద్దడానిదీ ఇదే ఇబ్బంది. నలుగు పెట్టుకోవద్దని కాదు, ఎర్రగా ఉబ్బిన మొటిమల మీద మాత్రం వద్దు.

సాలిసిలిక్ యాసిడ్ గొప్పదనం ఏంటంటే, అది నూనెలో కరుగుతుంది. కాబట్టి జిడ్డు ఉన్న కుదురులోకి దిగి, అక్కడ పేరుకున్న మృతకణాలను విడదీస్తుంది. మొటిమలకు వాడేవాటిలో సాధారణంగా 0.5 నుంచి 2 శాతం ఉంటుంది. నల్లచుక్కలు, తెల్లటి చిన్న గింజలు, చేత్తో తడిమితే తగిలే గరుకుదనం ఉన్నవాళ్లకి నా ఓటు దీనికే. అయితే రాసిన మరుక్షణం కడిగేస్తే ఏ ఫేస్‌వాషూ పని చేయదు. ఒక నిమిషమన్నా ఉండనివ్వాలి. ఆస్పిరిన్ పడనివాళ్లు దీని జోలికి వెళ్లకూడదు.

బెంజాయిల్ పెరాక్సైడ్ దారి వేరు. అది మొటిమల బ్యాక్టీరియాను చంపుతుంది. యాంటీబయాటిక్‌కి అలవాటు పడినట్టు బ్యాక్టీరియా దీనికి అలవాటు పడదు. చీము పట్టిన ఎర్రటి మొటిమలకు, ముఖ్యంగా వీపుకీ ఛాతీకీ, సాలిసిలిక్ కంటే ఇదే మేలని నేనంటాను. స్నానానికి ముందు వాష్‌లా రాసి, రెండు మూడు నిమిషాలు ఉంచి కడిగేయొచ్చు. ఎక్కువ శాతం అయితే ఎక్కువ పని అనుకుని 10 శాతం కొనేవాళ్లున్నారు. 2.5 శాతం కూడా దాదాపు అంతే పని చేస్తుంది, మంట తక్కువ. దీనితో ఉన్న పెద్ద చిక్కు బట్టలది. రంగు తువ్వాలుకి తగిలితే మచ్చలు మచ్చలుగా రంగు పోతుంది. తెల్ల తువ్వాలు వాడుకోండి. ఇంట్లో అమ్మ చేతి తిట్లు తప్పుతాయి.

రెండూ మంచివే కదా అని మొదటిరోజే రెండూ మొహానికి పట్టించకండి. మొహానికి సాలిసిలిక్, వీపుకి బెంజాయిల్ అని విడగొట్టుకోవడం చాలామందికి సరిపోతుంది. ఏదైనా ఆరు నుంచి ఎనిమిది వారాలు చూడాలి. వారం వాడి మానేసి ఇంకోటి కొనడం వల్ల షాపువాడికే లాభం.

ఎంత మంచి ఫేస్‌వాష్ అయినా చెమట ఆరిపోయి ఉప్పు కట్టాక రాత్రికి వాడితే లాభం సగమే. ఆటో, క్రికెట్, జిమ్ ఏదైనా కానివ్వండి, చెమట పట్టిన వెంటనే మామూలు నీళ్లతో కడిగి, మెత్తటి గుడ్డతో అద్దుకోవడం మేలు. తుడవడం కాదు, అద్దడం. ఫేస్‌వాష్ ఉదయం, రాత్రి, బాగా చెమట పట్టినప్పుడు ఇంకోసారి చాలు. నీళ్లు దొరకని చోట శుభ్రమైన కర్చీఫ్ నయం. పౌడర్ మాత్రం వద్దు, చెమటతో కలిసి ముద్దై రంధ్రాల మీద కూర్చుంటుంది. జుట్టుకి రాసిన కొబ్బరినూనె కూడా చెమటతో నుదుటి మీదికి జారుతుంది, రాత్రి రాసి ఉదయం తలస్నానం చేయడం మంచిది.

బట్టల్లో కాటన్‌కీ, ఆటలకి వేసుకునే సింథటిక్ డ్రైఫిట్‌కీ పోటీ పెడితే తేల్చడం కష్టం. కాటన్ చెమట పీల్చుకుంటుంది కానీ తడిగానే ఉంటుంది. డ్రైఫిట్ త్వరగా ఆరుతుంది కానీ ఎక్కువమంది ఒంటికి అతుక్కునేలా కొంటారు. ఏదైనా వదులుగా ఉండాలి, తడిసిన వెంటనే మార్చాలి. హెల్మెట్ లోపల కట్టుకునే పల్చటి కాటన్ గుడ్డ రోజూ ఉతకాలి.

ఇంతా చేశాక కూడా తగ్గకపోతే అవి అసలు మొటిమలేనా అని చూడండి. మెడ మీద, వీపు మీద ఒక్కసారిగా చిట్లిపోయే నీటిపొక్కుల్లా, గుచ్చుతున్నట్టు వస్తే అవి చెమటకాయలు. చల్లటి గాలి, వదులు బట్టలు చాలు. ఛాతీ మీద, వీపు పైభాగంలో అన్నీ ఒకే సైజులో ఉండి దురద పెడుతుంటే ఫంగస్ వల్ల కావచ్చు. దానికి యాంటీఫంగల్ మందు కావాలి, మొటిమల యాంటీబయాటిక్ వాడితే ముదురుతుంది కూడా. ఇలాంటప్పుడు చాలామంది మందుల షాపులో స్టెరాయిడ్ కలిసిన క్రీమ్ అడిగి తెచ్చుకుంటారు. రెండురోజులు తగ్గినట్టే ఉంటుంది, తర్వాత రెట్టింపు వస్తాయి. ఆ డబ్బు చర్మవైద్యుడి ఫీజుకి పెట్టండి.