పాత బోటు ఇంజన్‌కి గిన్నె ఉన్న వాటర్ సెపరేటర్: కొన్ని సీజన్లు వాడాక

ట్యాంకుకీ ఇంజన్‌కి డీజిల్ లాగే ఫీడ్ పంపుకీ మధ్య పైపులో బిగించే ఈ సెపరేటర్‌ని డీజిల్‌లో నీళ్లు పట్టుకుంటుందని కొన్నాను. పట్టుకుంటుంది కూడా. అయినా ఎవరైనా అడిగితే నేను ముందు చెప్పేది దాని అడుగున ఉన్న పారదర్శకమైన గిన్నె గురించే. పైపులో ఏం వస్తోందో కంటికి కనిపిస్తుంది. పాత ఇంజన్‌తో వేటకెళ్లే వాళ్లకి దాని విలువ తెలుస్తుంది.

మాది కాకినాడ. చెక్క బోటు, పాత లేలాండ్ ఆరు సిలిండర్ల ఇంజన్. ఇక్కడి మెకనైజ్డ్ బోట్లవాళ్లకి కొత్తగా చెప్పేదేం లేదు. ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. మా ట్యాంకు ఇంజన్ కంటే కిందికి ఉంటుంది, డీజిల్‌ని ఫీడ్ పంపే పైకి లాక్కోవాలి. ట్యాంకుకీ ఫీడ్ పంపుకీ మధ్య సందు పడితే ఇంజన్ తిరిగేటప్పుడు డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. పైపు పొడిగా, శుభ్రంగా ఉంటుంది. ఎంత వెతికినా దొరకదు. ఫీడ్ పంపు దాటాక లీకైతే చెమ్మ చేతికి తగులుతుంది కాబట్టి అది పట్టుకోవడం తేలిక.

ఒక డిసెంబరులో ఉప్పాడకి ఎదురుగా వల లాగుతున్నాం. ఉన్నట్టుండి ఇంజన్ రేస్ (వేగం) పడిపోయింది. థ్రాటిల్ తగ్గిస్తే మామూలుగా తిరుగుతోంది, లోడ్ పడితే గుటకలు మింగుతోంది. డ్రైవరు ఫీడ్ పంపు తర్వాత ఉండే ఫిల్టర్ మీద గాలి తీసే బ్లీడింగ్ స్క్రూ వదులు చేసి, చేత్తో డీజిల్ ఎక్కించే హ్యాండ్ ప్రైమర్ కొట్టాడు. ముందు నురగ వచ్చింది, తర్వాత శుభ్రమైన డీజిల్. స్క్రూ బిగించాక బాగానే లాగింది. కాసేపటికి మళ్లీ అదే వరస. "గాలి తీస్తూనే ఉన్నానండి, మళ్లీ పట్టేస్తోంది. పంపు పోయినట్టుందండి" అన్నాడు. అతను అన్నది ఫీడ్ పంపు కాదు, ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్స్‌కి ఒత్తిడితో డీజిల్ అందించే ఇంజెక్షన్ పంపు. ఆ మాట వినేసరికి నాకు టెన్షన్ మొదలైంది. దాన్ని విప్పి షాపుకి పంపితే డబ్బు సంగతి అలా ఉంచి, బోటు ఒడ్డునే ఉండిపోతుంది.

అప్పుడు టార్చి వేసి గిన్నెలోకి చూశాను. సోడా సీసాలోలాగా సన్నటి బుడగలు వరసగా లేస్తున్నాయి. మా పాత బోటులో ఇదే తంతు జరిగినప్పుడు నాజిల్స్ విప్పారు, ఫిల్టర్లు మార్చారు, ఎక్కడుందో తేలడానికి వారం పట్టింది. ఇక్కడ ఒక్క చూపుతో సగం పని అయిపోయింది. గిన్నెలోనే బుడగలు ఉన్నాయంటే గాలి గిన్నె దగ్గరగానీ ట్యాంకు వైపుగానీ పడుతోంది. గిన్నెలో బుడగలు లేకుండా ఫిల్టర్ దగ్గర నురగ వస్తే గిన్నెకీ ఫీడ్ పంపుకీ మధ్య వెతకాలి.

వల పైకి తీయించి ఇంజన్ ఆపాం. సెపరేటర్‌కి వచ్చే ట్యాంకు పైపు ఊడదీసి, దాని స్థానంలో కొత్త రబ్బరు ముక్క తొడిగి, రెండో కొస డీజిల్ క్యానులో ముంచాం. క్యానుని ఇంజన్ పక్కన ఎత్తులో కట్టాం. గాలి తీసి స్టార్ట్ చేసి ఫుల్ థ్రాటిల్ ఇస్తే ఎక్కడా తగ్గలేదు. గిన్నెలో బుడగ లేదు. పంపు బాగానే ఉంది, నాజిల్స్ బాగానే ఉన్నాయి. ట్యాంకులోంచి డీజిల్ తీసి, గుడ్డలో వడకట్టి క్యాను నింపుకుంటూ ఆ క్యాను మీదే జెట్టీ దాకా వచ్చేశాం.

ఒడ్డుకొచ్చాక ఊడదీసిన పైపుని నిలువుగా కోశాం. పైకి నిగనిగలాడుతోంది. లోపలి పొర ఊడి నాలుకలా వేలాడుతోంది. లోడ్ మీద డీజిల్ ఎక్కువ లాగినప్పుడల్లా ఆ పొర దారికి అడ్డం పడుతోంది. లాగుడు పెరిగేసరికి క్లిప్పు కింద ఉన్న సన్నటి పగులులోంచి గాలి లోపలికి పోతోంది. తక్కువ రేస్‌లో బాగుండటానికి కారణం ఇదే.

నీళ్ల విషయంలో మాత్రం మొదట్లో అందరికీ చెప్పినంత గొప్పగా ఇప్పుడు చెప్పలేను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ 61 రోజులూ బోటు కట్టేసి ఉంటే, ట్యాంకు వెలితిగా ఉన్నప్పుడు గాలిలోని తేమ లోపల నీరుగా దిగుతుంది. నీటికీ డీజిల్‌కీ మధ్య సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురు కడుతుంది. నిషేధం ముగిసి సముద్రం మీద కెరటాలకి ట్యాంకు కుదిలిందంటే ఆ జిగురంతా ఒక్కసారి వస్తుంది, సెపరేటర్ లోపల వడపోసే ఎలిమెంట్ మూసుకుపోతుంది. అది సెపరేటర్ ఆపగలిగేది కాదు, ట్యాంకు కడగాల్సిందే. రోజూ స్టార్ట్ చేసే ముందు గిన్నె అడుగు కుళాయి తిప్పి నీళ్లు వదలాలి. వదలకపోతే నిండిపోయి నీళ్లు ఇంజెక్షన్ పంపు దాకా పోతాయి. ఆ పంపులో డీజిల్‌ని నెట్టే ప్లంజర్ల సందు కొన్ని మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), వాటికి డీజిలే కందెన. నీళ్లు తగిలితే గీతలు పడతాయి.

ఇంకో లోపం. గిన్నె కుళాయికి ఉండే ఓ-రింగు (గుండ్రటి రబ్బరు వాషరు) గట్టిపడిపోయి ఒకసారి గాలి అక్కడి నుంచే పట్టింది. గిన్నె కూడా పసుపెక్కి మసకబారింది, ఇప్పుడు టార్చి లేకపోతే బుడగలు కనిపించవు. పైగా ప్లాస్టిక్ గిన్నె కాబట్టి సైలెన్సర్ వేడికి దూరంగానే బిగించాలి. నిప్పు తగిలితే కరిగి డీజిలంతా కారిపోతుంది.

మా ట్యాంకు కిందికి ఉంది, పైగా పాత ఇనుపది, చెయ్యి పెట్టి కడగడానికి మూత కూడా లేదు. కాబట్టి నేను మళ్లీ ఇదే కొంటాను. ఇంజన్ కంటే ఎత్తులో కొత్త ట్యాంకు ఉన్నవాళ్లకి గాలి బెడద ఇంత ఉండదు, వాళ్లకి ఇది అంత అవసరమని అనను. కొనేవాళ్లు మాత్రం గిన్నె, ఓ-రింగులు విడిగా దొరుకుతాయో లేదో షాపులో ముందే అడగండి. నాకు కాకినాడలో దొరక్క విశాఖ నుంచి తెప్పించుకోవాల్సి వచ్చింది.