జావా, బాలి రోడ్ ట్రిప్ బుక్ చేయబోతున్న బెజవాడ, గుంటూరు వాళ్లు ముందు ఇది చదవండి

నిన్న రాత్రే గన్నవరంలో దిగాం. సూట్‌కేసులు ఇంకా హాల్లోనే ఉన్నాయి. కడుపు మండిపోయి రాస్తున్నా, అటూ ఇటూ అయితే సర్దుకుని చదువుకోండి.

ఆ టూర్ ఏజెంటు పేరు రాయను. రాస్తే రేపు పొద్దున్నే లాయర్ నోటీసు వస్తుంది. అయినా ఆటోల వెనక చేతులు కట్టుకుని నవ్వుతూ నిలబడే ఫొటో ఎవరిదో మీకు నేను చెప్పాలా? సంక్రాంతికి "సముద్రం, అగ్నిపర్వతం, అడవి, మహానగరం, అన్నీ ఒకే రోడ్డు మీద" అని ఊదరగొట్టాడే, ఆయనే. ఇండోనేషియాలోని జావా దీవిలో సురబయ దగ్గర విమానం దిగి, వ్యాన్‌లో బ్రోమో అగ్నిపర్వతం, బలురాన్ అడవి, ఇజెన్ అగ్నిపర్వతం చూసుకుంటూ వెళ్లి, ఓడలో జలసంధి దాటి బాలి చేరడం. తలకి లక్షా ముప్పై ఐదు వేలు. మేమూ, అత్తగారూ, బావగారి కుటుంబం. జనవరిలోనే మొత్తం కట్టించుకున్నాడు, "రేట్లు పెరిగిపోతాయమ్మా, మీ మంచికే చెప్తున్నా" అని. మన మంచి కోరేవాళ్లు ఎంత తొందరగా డబ్బులడుగుతారో!

తెలుగు వంటమనిషి వెంట ఉంటాడన్నాడు, లేడు. కప్పు నూడుల్స్ తిన్నాం. త్రీస్టార్ హోటలన్నాడు, వేన్నీళ్లు రాలేదు. వీటికైతే నేను పోస్టు పెట్టేదాన్ని కాదు, టూరన్నాక ఇవి ఉండేవే.

అసలు సంగతి బ్రోమో దగ్గర జరిగింది. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. 2,329 మీటర్ల ఎత్తు, ఇప్పటికీ పొగ కక్కుతూనే ఉంటుంది. కింద చుట్టూ నల్లటి ఇసుక మైదానం. అందులోకి మామూలు వ్యాన్లను రానివ్వరు, పాత ల్యాండ్‌క్రూజర్ జీపులే వెళ్లాలి. జీపు దిగాక నడిచో, గుర్రం మీదో మెట్ల దాకా వెళ్లి, రెండొందల యాభై దాకా మెట్లెక్కితే బిలం అంచు వస్తుంది. ఆ అంచు మీద వినాయకుడి విగ్రహం ఉంది. అక్కడుండే టెంగర్ జనం హిందువులే. ఏటా కసాడ పండక్కి కూరగాయలు, కోళ్లు తెచ్చి ఆ బిలంలోకే సమర్పిస్తారు.

మా అత్తగారు ఈ ట్రిప్‌కి ఒప్పుకున్నదే ఆ వినాయకుడి కోసం. మోకాళ్ల నొప్పులు, ఎక్కలేనంటే ఈయన స్వయంగా వాయిస్ మెసేజ్ పెట్టాడు: "మామ్మగారికి గుర్రం ఏర్పాటు మాది. వినాయకుడి దాకా తీసుకెళ్లే పూచీ నాది." ఆ మెసేజ్ ఇంకా నా ఫోన్‌లో ఉంది, దేవుడి దయ. ఆవిడ బెల్లం, పసుపు పొట్లం కట్టి, జేబురుమాల్లో మూటగట్టి, హ్యాండ్‌బ్యాగ్ జిప్పుకి పిన్నీసుతో గుచ్చుకున్నారు. ఇమిగ్రేషన్‌లో కూడా చెయ్యి దాని మీదే.

తెల్లవారుజామున మూడింటికి చెమోరో లావాంగ్ అనే ఊళ్లో వ్యాన్ ఆపి డ్రైవర్ దిగిపోయాడు. పళ్లు గిట్టకరిచే చలి. చుట్టూ జీపులు హెడ్‌లైట్లు వేసుకుని ఒకటొకటిగా దిగిపోతున్నాయి, మా పేరుతో ఒక్కటీ లేదు. డ్రైవర్ పాపం మంచివాడు. వచ్చీరాని ఇంగ్లీషులో చెబుతూ తన ఫోన్‌లో వోచర్ తీసి చూపించాడు. సురబయ నుంచి బాలి దాకా వ్యాన్, హోటళ్లు, అంతే. జీపు లేదు, పార్కు టికెట్ లేదు, గుర్రం సంగతి సరేసరి. పోనీ మేమే కట్టుకుందామంటే, పార్కు టికెట్ ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేయాలి, రోజుకింతమంది అని కోటా ఉంటుంది. ఆ రోజుది అయిపోయింది. జీపుకి మన డబ్బులో నాలుగు వేలు కూడా అవదు. అది మిగుల్చుకున్నాడు మహానుభావుడు.

ఫోన్ చేశాం. మనకి రాత్రి ఒంటిగంటన్నర, నిజమే. మరి ఆ బ్రోషర్‌లో "24 గంటలూ మీతోనే" అని పెద్దక్షరాలతో వేసుకున్నది ఎవరు? బావగారు మర్యాదగానే అడిగారు, "ఏవండీ, ఇక్కడ ఎంట్రీలు కట్టలేదంటున్నారు, మీ ఆపరేటర్‌తో ఒక్కసారి మాట్లాడండి" అని. అటునుంచి ఆవలింత.

"ప్రింటవుట్ తీసి చూడండి సార్. అగ్నిపర్వతం చూపిస్తామని రాశాం. ఎక్కిస్తామని ఎక్కడైనా రాశామా?"

నేను ఫోన్ లాక్కుని, గుర్రం ఏర్పాటు మీదేనని మీ నోటితో చెప్పారు కదండీ అన్నాను.

"అమ్మా, అర్ధరాత్రి ఫోన్ చేసి అరిస్తే గుర్రాలు రావు. మగవాళ్లకివ్వండి ఫోన్."

ఇచ్చేలోపే పెట్టేశాడు. మళ్లీ చేస్తే స్విచాఫ్. నిమిషం తిరక్కుండా నా ఫోన్ మోగింది, ఆయనేనేమో అని ఆశగా చూశాను. టూర్ వాట్సాప్ గ్రూప్‌లోంచి నన్ను తీసేశాడు. అంటే ఫోన్ ఆఫ్ చేసేముందు ఆ పని మాత్రం గుర్తుపెట్టుకుని చేశాడన్నమాట! జనవరిలో "మీరు మా ఫ్యామిలీ మెంబరమ్మా" అన్న నోరే ఇది. డబ్బులు పోతే పోయాయి, ఆ "మగవాళ్లకివ్వండి" అన్న మాట మాత్రం ఇప్పటికీ చెవిలో గింగురుమంటోంది. డబ్బులు నా అకౌంట్ నుంచి పంపినప్పుడు మగవాళ్లు గుర్తుకు రాలేదేం?

తెల్లారాక ఊరి చివర కంచె దగ్గర నిలబడి చూశాం. మబ్బు, దాని వెనక ఏదో పొగ. బ్యారేజీ గేట్లెత్తారని వెళ్లి, వారధి మీంచి తొంగి చూసి వచ్చేసినట్టుంది. అత్తగారు వ్యాన్ దిగలేదు. పొట్లంలో బెల్లం దారిలో పిల్లలు తినేశారు.

ఇజెన్ అయితే ఇంకా విచిత్రం. నీలిమంటల అగ్నిపర్వతం అది. గంధకం వాయువులు బయటికొచ్చి గాలి తగలగానే నీలంగా మండుతాయి, తెల్లారకముందే కనిపిస్తాయి. ఎక్కాలంటే డాక్టర్ సర్టిఫికెట్ కావాలి, వాయువులకి మాస్కు కావాలి. మాకు రెండూ అక్కర్లేకపోయాయి, ఎందుకంటే మమ్మల్ని పంపించింది నెలలో మొదటి శుక్రవారం. ఆ రోజు ఇజెన్ మూసేస్తారు. పదేళ్ల అనుభవం అని బోర్డు పెట్టుకున్నవాడికి ఇది తెలియదంటే నమ్మమంటారా? తెలిసే చేశాడు, అక్కడా టికెట్లు మిగులు. బలురాన్ అడవిని చీకట్లో దాటేశాం. కిటికీ లోంచి చెట్లయితే కనిపించాయి.

కెటపాంగ్ రేవులో ఓడెక్కి బాలిలో దిగితే గడియారం గంట ముందుకి జరుగుతుంది. మా డబ్బుల్లో ఆ గంట కూడా పోయింది! బాలి మాత్రం బాగుంది, అబద్ధం చెప్పను. కాకపోతే ఊలువాటు గుడి దగ్గర టూరిస్టు పన్ను రసీదు అడిగితే మా దగ్గర లేదు. మనిషికి లక్షా యాభై వేల రుపియాలు, మన డబ్బులో ఎనిమిదొందల పైచిలుకు. బిల్లులో "బాలి టాక్స్" అని మా దగ్గర ఎప్పుడో తీసుకున్నాడు, మళ్లీ కట్టాం.

ఈ రోజు పొద్దున్న ఆఫీసుకి వెళ్లాం. సార్ క్యాంపులో ఉన్నారట. టీ ఇచ్చారు, తర్వాతి టూర్‌కి ఐదు వేల కూపన్ ఇస్తామన్నారు. టేబుల్ మీద కొత్త బ్రోషర్ల కట్ట, దసరా స్పెషల్, అదే బ్రోమో ఫొటో, ముందు వరసలో గుర్రం.

ఇంకోటి, ఇది మా ఆడిటర్ గారు మధ్యాహ్నం చూసి చెప్పారు. బిల్లులో ఐదు శాతం టీసీఎస్ (అమ్మేవాడు మన దగ్గర తీసుకుని ప్రభుత్వానికి కట్టాల్సిన ఆదాయపు పన్ను) వసూలు చేశాడు. విదేశీ ప్యాకేజీకి టీసీఎస్ తీసుకోవాల్సిందే, మేం కట్టినప్పటి రేటు అదే. కానీ మన పాన్ మీద జమ చేయాలి, 26ఏఎస్‌లో (మన పేరున జమైన పన్నుల పట్టికలో) కనిపించాలి, అప్పుడే రిటర్నులో మనం సర్దుకోగలం. మాది జనవరిలో కట్టిన సొమ్ము, జూన్ వచ్చింది, అక్కడ గుండుసున్నా. ఈయన దగ్గర ఏ టూర్‌కి వెళ్లినవాళ్లైనా సరే, ఇవాళే తెరిచి చూసుకోండి.

బుక్ చేసేవాళ్లు జీపు, గుర్రం, పార్కు టికెట్, పన్ను ఏదేది కలిపారో విడివిడిగా రాయించుకుని స్టాంపు వేయించండి, అక్కడి ఆపరేటర్ నంబర్ తీసుకోండి. మొత్తం ముందే ఇవ్వకండి.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను, నంబర్ వచ్చింది. సోమవారం వినియోగదారుల కమిషన్‌లో వేస్తున్నాం. మాతో పాటు వచ్చిన తెనాలి వాళ్లు, బ్రాడీపేట జంట ఇది చూస్తే మెసేజ్ పెట్టండి, గ్రూప్‌లోంచి తీసేశాడు కాబట్టి మీ నంబర్లు నా దగ్గర లేవు. మీ రసీదులు కూడా కలిపి వేద్దాం.