పిల్లలకు ఏమని చెప్పాలో తెలియక 14416కు ఫోన్ చేశాను

మాది కావలి. నా భార్యకు మూడేళ్లుగా బైపోలార్ జబ్బు ఉంది. కొన్ని వారాలు నిద్ర లేకుండా, ఆగని మాటలతో, అప్పు చేసి మరీ కొనే చీరలతో ఇల్లంతా తానే అయి తిరుగుతుంది. మరికొన్ని వారాలు మంచం దిగదు. మేము చూపించుకునే ప్రైవేటు ఆసుపత్రిలో మందులు బాగానే కుదిరాయి గానీ, పదకొండేళ్ల అమ్మాయికీ ఆరేళ్ల అబ్బాయికీ ఏమని చెప్పాలని అడిగిన రోజున మాత్రం "చిన్నపిల్లలకెందుకండీ ఇవన్నీ" అని చీటీ చేతికిచ్చి పంపేశారు.

ఆ తర్వాతే మానసిక ఆరోగ్య సలహాలిచ్చే హెల్ప్‌లైన్ టెలి మానస్‌కు ఫోన్ చేశాను. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం నాడు ప్రారంభించిన ఈ సేవ 24 గంటలూ ఉచితంగా అందుతుంది. 14416కు చేసి తెలుగును ఎంచుకుంటే సరిపోతుంది.

పిల్లలు ఇప్పటికే ఏమనుకుంటున్నారో అడిగారా అన్నది కౌన్సెలర్ గారి మొదటి ప్రశ్న. నేను అడగలేదు. పెద్దలు చెప్పకపోతే పిల్లలు చెవిన పడిన ముక్కలతో సొంతంగా ఒక కథ అల్లుకుంటారనీ, అందులో తప్పు చాలాసార్లు తమ మీదే వేసుకుంటారనీ ఆవిడ అన్నారు. ఆ రాత్రి అడిగితే మా ఇంట్లో రెండు కథలు బయటపడ్డాయి. తనకు లెక్కల్లో మార్కులు తగ్గిన నెలలోనే అమ్మ మంచం పట్టిందని పెద్దది మనసులో పెట్టుకుంది. "గాలి సోకింది, ఏఎస్ పేట దర్గాకు తీసుకుపో" అని మా మేనత్త అనగా విన్న చిన్నవాడు, ఉక్కపోస్తున్నా కిటికీలు ఎందుకు మూయించేవాడో నాకప్పుడు అర్థమైంది.

జబ్బు పేరు దాచవద్దనీ, అది వాళ్ల వల్ల రాలేదనీ, అంటుకోదనీ, నయం చేసే బాధ్యత వాళ్లది కాదనీ చెప్పమన్నారు. పూర్తిగా తగ్గిపోతుందని మాట మాత్రం ఇవ్వవద్దన్నారు. వీటన్నిటికంటే నాకు పనికొచ్చింది మరొకటి: అమ్మ లేవలేని రోజున అన్నం ఎవరు పెడతారో, జడ ఎవరు వేస్తారో, బడి నుంచి ఎవరు తీసుకొస్తారో పేరు పెట్టి చెప్పమన్నారు. జబ్బు గురించి నేను చెప్పినదంతా మౌనంగా విన్న పెద్దది, జడ పిన్ని వేస్తుందన్నాకే ఊపిరి పీల్చుకుంది. షుగరు జబ్బుతో పోల్చి చెప్పడం మాత్రం నా సొంత తెలివి, "అయితే అమ్మ మైసూర్‌పాక్ తినకూడదా నాయనా?" అని చిన్నవాడు ఏడుపు మొదలుపెట్టాడు.

ఫోనులో పిల్లల ముఖం కనిపించదు కనుక ఈ సేవకు హద్దు ఉంది. నిద్ర, తిండి చెడినా, బడికి పోనని రోజుల తరబడి మొండికేసినా నేరుగా డాక్టరుకు చూపించాలని వాళ్లే చెప్పారు. ఫోన్ చేయదలచినవారు పిల్లలు నిద్రపోయాక మిద్దె మీదికి వెళ్లి చేయడం మంచిది. పక్క గదిలో నిద్ర నటించే చెవులుంటాయి.

రెండోసారి చేసింది, అమ్మకు మాత్ర గుర్తుచేసే పని అమ్మాయికి అప్పగించవచ్చా అని అడగడానికి. అది పెద్దల పని, బిడ్డను కాపలాదారును చేయవద్దన్నారు. ఇప్పుడు రాత్రి ఎనిమిదిన్నరకు నా ఫోనులోనే అలారం మోగుతుంది.